దొరగారి పస్తులు

చేప తిండి మానేస్తే తప్పు చేపది కాదట, నాది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచే దొరగారు మూతి ముడుచుకున్నారట. ఈ మాట ఎవరూ నా మొహం మీద అనలేదు. అనకుండానే అనేయడం ఆ ఇంట్లోవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

దొర అంటే మా ఆయన మొదటి భార్య పెంచిన చేప. హాల్లో కిటికీ పక్కన గాజుతొట్టిలో ఒక్కడే ఉంటాడు. అరచెయ్యంత నల్లటి ఒళ్ళు, డొక్కల మీద నారింజరంగు మరకలు, ఎప్పుడూ ఎవరినో తప్పుపడుతున్నట్టు చూసే ఉబ్బుకళ్ళు. ఆవిడ జబ్బుచేసి పోయి రెండేళ్ళయింది. బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు, మంచం మార్చేశారు, చేప మాత్రం మిగిలింది. ఆ తర్వాత నేను వచ్చాను.

నా సంగతీ చెప్పాలిగా. బట్టల ఫ్యాక్టరీలో చెకర్ని. కుట్టిన చొక్కా నా బల్ల మీదకి వస్తుంది. కాలరు, చంక, కాజా, అంచు మడత అన్నీ వెతికి, కుట్టు తప్పినచోట ఎర్ర స్టిక్కరు అంటిస్తాను. బాగున్న చొక్కాని బాగుందని చెప్పడానికి నాకు జీతమివ్వరు. రోజంతా అనుమానపడి అనుమానపడి ఇంటికొచ్చాక, ఆ కన్ను మూయమంటే ఎక్కడ మూతపడుతుంది? పెళ్ళి ఇంత ఆలస్యం కావడానికి కూడా అదే కారణమని మా అక్క అంటుంది. దాని మొహం.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకో కూతురు, ఏడో తరగతి. సన్నగా, చురుగ్గా ఉంటుందని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక నన్ను 'మీరు' అంటుంది. "మీరు తినండి." "మీ చెప్పులు దారిలో ఉన్నాయి." కరెంటు మీటరు చూడ్డానికొచ్చే మనిషిని కూడా అంతకంటే దగ్గరగా పలకరిస్తుంది. పిన్ని అని పిలవమని ఆయన ఒకటి రెండుసార్లు చెప్పి చూశారు. పిల్ల తలూపింది, పిలవలేదు. నేనూ అడగలేదు. అడిగి పిలిపించుకునే పిలుపు నాకెందుకు?

అసలు గొడవంతా ఆయన మంచితనం వల్లే మొదలైంది. నేను వచ్చిన కొత్తలోనే ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, "ఇకనుంచి దొర తిండి సంగతి పిన్ని చూసుకుంటుంది. నువ్వు హాయిగా చదువుకో తల్లీ," అన్నారు. అంతకుముందు ఆ పని పిచ్చుకది. మా ఇద్దరినీ కలపడానికి ఆయనకు తోచిన ఉపాయం అది. పిల్ల కంచంలోంచి తలెత్తి ఒక్కసారి తొట్టి వైపు చూసి, "సరే నాన్నా," అంది. ఆ 'సరే'కి నేను అప్పుడే ఎర్ర స్టిక్కరు అంటించాల్సింది.

మర్నాటి నుంచి దొర పస్తు. గుళికలు వేస్తే నీళ్ళమీద తేలి ఉబ్బిపోయేవే తప్ప, ఆయనగారు రాయి చాటు నుంచి కదిలేవాడు కాదు. నేను తొట్టి దగ్గరికి వెళ్తే చాలు, తోక ఊపుకుంటూ రాయి వెనక్కి జారుకునేవాడు. కొత్త కదా, అలవాటుపడతాడులే అన్నారు మా ఆయన. చేపకి కొత్తో, ఇంట్లోవాళ్ళకి కొత్తో నాకు అర్థం కాలేదు.

ఇక పిచ్చుక అమ్మమ్మ. పోయినావిడ తల్లి. ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైంది. పక్క వీధిలో కొడుకు దగ్గరుంటుంది, కానీ మా ఇంటి తాళంచెవి ఒకటి ఇంకా ఆవిడ బ్యాగులోనే ఉంది. నేనొచ్చాక కూడా తిరిగి ఇవ్వలేదు, మేమూ అడగలేదు. వచ్చిందంటే ముందు తొట్టి దగ్గర నిలబడుతుంది. చేపని చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది, మళ్ళీ చేపని చూస్తుంది.

"మా అమ్మాయి వేస్తే ఎగిరెగిరి తినేవాడు," అంది ఒకరోజు. "ఈ ఎండు గుళికలు ఎవరికి కావాలమ్మా? అది వానపాములు తవ్వి తెచ్చి, చేత్తో పెట్టేది."

"నేనూ తవ్వి తెస్తాను పెద్దమ్మగారూ," అన్నాను. పౌరుషం అలా తన్నుకొచ్చింది.

"చూద్దాం," అందావిడ. ఆ ఒక్క మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజం చెప్పాలంటే వానపామంటే నాకు ఒళ్ళు జలదరింపు. అయినా మాటిచ్చాక తప్పుతుందా? మా ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక గిన్నెలు కడిగిన నీళ్ళు పారే జాగా ఒకటుంది. అక్కడే టీ పొడి పిప్పి పారబోస్తారు. నేల ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. పైన చిన్నచిన్న మట్టిచుట్టలు కుప్పలుగా కనిపిస్తే కింద పురుగు ఉన్నట్టేనని చేపల షాపువాడు చెప్పాడు. పాత గరిటె ఒకటి తీసుకెళ్ళి, భోజనం వేళ అక్కడ గొంతుకూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. మొదటి రోజు తొందరపడి లాగితే రెండు ముక్కలైంది. లాగకూడదు. వేళ్ళతో పట్టుకుని ఊరికే ఉండాలి. అది కాసేపు బిగుసుకుని, పట్టు వదిలినప్పుడు నెమ్మదిగా బయటికి తియ్యాలి. అది తెలిశాక ఒళ్ళు జలదరించడం కూడా తగ్గింది.

అలా పట్టినవాటిని కాస్త మట్టితో టిఫిన్ డబ్బాలో వేసుకుని సాయంత్రం గేటు దగ్గరికి వచ్చాను. మా ఫ్యాక్టరీలో బయటికెళ్ళే ప్రతి సంచీ వెతుకుతారు. దారపు కండెలు, బొత్తాలు, జిప్పులు పట్టుకుపోతారని అనుమానం. గేటు దగ్గర కూర్చునే ఆవిడ కన్ను అప్పటికే నా మీద పడింది.

"మధ్యాహ్నం క్యాంటీన్ వెనక ఏం పాతిపెడుతున్నావ్?" అంది.

"పాతిపెట్టట్లేదు, తవ్వుతున్నా."

"అయితే ముందే పాతిపెట్టావన్నమాట. డబ్బా తియ్."

"వద్దు అక్కా. చూడకపోతేనే నీకు మంచిది."

అలా అనకుండా ఉండాల్సింది. ఆవిడ డబ్బా లాక్కుని మూత తీసి, సూదులేమైనా ఉన్నాయేమోనని వేలు పెట్టి కెలికింది. ఆ తర్వాత పెట్టిన కేకకి రెండో షిఫ్టువాళ్ళంతా గేటు దగ్గరికొచ్చారు. సూపర్‌వైజరు నన్ను పక్కకి పిలిచి, నవ్వాపుకుంటూ, "రేపటినుంచి ఈ పంట ఏదో మీ ఇంటి దగ్గరే పండించుకోమ్మా," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక చేప కోసం ఇంత బతుకూ బతికి దొంగల్లో లెక్క అయిపోయాను.

అప్పట్నుంచి మా బిల్డింగు వెనకే తవ్వేదాన్ని. పై అంతస్తుల నీళ్ళ పైపు ఒకటి అక్కడ కారుతూ ఉంటుంది. ఆ తడిలో కూరగాయ తొక్కలు, టీ పిప్పి పరిచి, పైన తడి గోనెపట్టా కప్పేదాన్ని. పొద్దున్నే పట్టా ఎత్తితే దాని అడుగున మెలికలు తిరుగుతూ దొరికేవి. నాలుగో అంతస్తులో మా కిటికీ పరదా ఆ వేళప్పుడు కాస్త కదిలినట్టు ఒకట్రెండు సార్లు అనిపించింది. గాలి అనుకున్నాను. నాకు కూడా ఒక్కోసారి అనుమానం పనిచెయ్యదు.

తెచ్చిన పురుగుల్ని ఐస్‌క్రీం డబ్బాలో తడి మట్టి పోసి, మూతకి చిల్లులు పొడిచి, వంటింటి సింకు కింద దాచేదాన్ని. సాయంత్రం రెండు తీసి, మంచినీళ్ళలో కడిగి, దొర తొట్టిలో వేసేదాన్ని. పురుగు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగేది. దొర రాయి చాటు నుంచి దాన్ని చూసేవాడు, నన్ను చూసేవాడు, తల తిప్పుకునేవాడు. చచ్చిన పురుగుని మర్నాడు గరిటెతో తీసి పారేసేదాన్ని. తొట్టిలో చెయ్యి పెట్టి పెట్టి నా చేతులు చేపకంపు కొట్టేవి. పని దగ్గర తెల్లచొక్కాలు ముట్టుకోవడానికి భయమేసేది.

ఇంతలో ఇంకో వింత. డబ్బాలో పురుగులు తగ్గుతున్నాయి.

మొదట పాకి పోతున్నాయనుకుని మూతకి రబ్బరుబ్యాండు వేశాను. అయినా తగ్గాయి. ఓ రోజు చూస్తే రబ్బరుబ్యాండు ఒక్క చుట్టే ఉంది. నేను ఎప్పుడూ రెండు చుట్లు వేసి మెలిపెడతాను. నా చేతి అలవాటు నాకు తెలియదా? పరాయి కుట్టు నా కన్ను దాటి పోదు. ఎవరో డబ్బా తెరుస్తున్నారు.

పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. మా ముగ్గురి దగ్గరా కాక తాళంచెవి బయటున్నది ఒక్కరి దగ్గరే. దొర చచ్చిపోవాలి, ఆ చావు నా నెత్తిన పడాలి, అందుకని నేను తవ్వి తెచ్చినవి తెచ్చినట్టే పారేస్తోంది! పైగా ఆ వారం వచ్చినప్పుడు, "పెద్దపెద్దవి తెస్తున్నావటగా, బిల్డింగు వెనక పైపు దగ్గర," అంది. నేను ఆవిడకి చెప్పలేదు. మా ఆయనకి ఎక్కడ తవ్వుతానో కూడా తెలియదు. మరి ఆవిడకి ఎలా తెలిసింది?

రాత్రి భోజనాలయ్యాక ఆయన్ని అడిగాను. "ఏవండీ, మీ అత్తగారు పగలు మనింటికి వస్తున్నారా?"

"ఏం?"

"డబ్బాలో వానపాములు తగ్గిపోతున్నాయి."

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే? ఆవిడ తింటోందంటావా?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. "నవ్వులాటగా ఉందా మీకు? ఆ చేప చస్తే ఎవరికి అంటుకుంటుందో తెలుసా?"

"నీకు అన్నీ అనుమానాలేనోయ్," అని ఆయన అటు తిరిగి పడుకున్నారు. గది బయట పిచ్చుక అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోయింది.

ఆ వారం చివర్లో అమ్మమ్మ అందరి ముందూ తేల్చేసింది. తొట్టి మీద చెయ్యి వేసి, "అల్లుడూ, ఒక మాట. చేప తిండి మానేసిందంటే ఇంట్లో ఏదో సరిగ్గా లేనట్టు. పిల్ల కూడా నోరు విప్పట్లేదు. వచ్చే ఆదివారం నేనొస్తాను. దొర నా కళ్ళముందు తిన్నాడా, సరే. లేదంటే పిల్లని నాతో తీసుకెళ్ళిపోతాను," అంది.

మా ఆయన నీళ్ళు నమిలారు. "అది కాదత్తయ్యా," అని ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. వద్దు అనలేదు. పిచ్చుక తల వంచుకుని కాలి బొటనవేలితో నేలని రాస్తోంది. నేను మాత్రం నిలబడ్డచోటే చచ్చిపోయాను.

పిల్ల వెళ్ళిపోతే నాకేం పోతుందని మీరనుకోవచ్చు. చాలా పోతుంది. ఒకటి, సవతితల్లి వచ్చి పిల్లని గెంటేసిందన్న పేరు జీవితాంతం నాకు అంటుకుంటుంది. అది సగమే. మిగతా సగం ఏమిటంటే, ఆ పిల్ల నాకు నచ్చింది. పెన్సిలు చెక్కుతూ నాలిక బయటపెట్టడం, లెక్క తప్పితే పుస్తకాన్ని తిట్టడం, నేను చూడట్లేదనుకుని నా టేపు మెడలో వేసుకుని అద్దం ముందు టైలరులా నిలబడడం, అన్నీ నచ్చాయి. దానికి నేను నచ్చకపోయినా సరే, ఆ గదిలో దాని చప్పుడు ఉండాలనిపించేది.

అందుకే ముసలావిణ్ణి అక్కడికక్కడే పట్టుకోవాలనుకున్నాను. పొద్దున పనికెళ్ళే ముందు డబ్బా మూత మీద సన్నటి తెల్లదారం ఒకటి అడ్డంగా పడేశాను. సాయంత్రానికి దారం ఉంది, కానీ నిలువుగా ఉంది. జాగ్రత్తపరులే! పైగా నేను ఇన్నాళ్ళూ గమనించనిది ఆ రోజు ఇంకోటి గమనించాను. దొర చిక్కలేదు. అన్నాళ్ళు పస్తున్న చేప డొక్కలు నిండుగా, రంగు తేలి, నిగనిగలాడుతోంది. ఇంత పెద్ద కుట్టు తప్పు నా కళ్ళముందే ఉంటే చూడలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అంటే పురుగుల్ని పారెయ్యట్లేదు. పెడుతోంది. దొంగచాటుగా తనే పెడుతూ, నా చేత్తో తినట్లేదని నలుగురిలో చాటుతోంది. ఎంత మాయలాడి!

మర్నాడు కడుపునొప్పని చెప్పి భోజనం వేళకి ఇంటికొచ్చేశాను. మెట్లమీద చెప్పులు చేత్తో పట్టుకున్నాను. తలుపు తాళం తీసే ఉంది. గుమ్మంలో ఆవిడ చెప్పులు ఉంటాయని చూస్తే, అక్కడ పిచ్చుక స్కూలు బూట్లున్నాయి. స్కూలు వీధి చివరే. మధ్యాహ్నం బడి గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చినట్టుంది, ఒక బూటు బోర్లాపడి ఉంది.

తలుపు సందులోంచి చూశాను. పిచ్చుక తొట్టి ముందు స్టూలెక్కి నిలబడింది. ఎడం చేతిలో నా ఐస్‌క్రీం డబ్బా. కుడి చేతి వేలికి వాళ్ళమ్మ ఉంగరం, వదులవుతుందని దారం చుట్టుకుంది. ఆ ఉంగరంతో గాజుని కొట్టింది. టక్, టక్. కాసేపాగి, టక్. అంతే. రాయి చాటు నుంచి దొర బాణంలా వచ్చి నీళ్ళపైకి మూతి పెట్టాడు. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం చిట్లించి, రెండు వేళ్ళ గోళ్ళతో పురుగుని పట్టుకోబోయింది. అది జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. అసహ్యంతో దాని భుజాలు వణుకుతున్నాయి. ఎలాగో ఎత్తి వదిలింది. దొర గుటుక్కున మింగాడు.

"ఆవిడ వేస్తే మాత్రం బయటికి రాకు," అని చెప్పింది చేపతో. "అప్పుడు నాన్న నీ పని మళ్ళీ నాకే ఇస్తాడు. నిన్ను చూసుకోమని అమ్మ చెప్పింది నాకు. ఆవిడకి కాదు."

నేను శబ్దం కాకుండా మెట్లు దిగాను. కింద వాటర్‌ట్యాంకు గట్టుమీద కూర్చున్నాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఏడుపొచ్చింది. ఎవరినో పట్టుకుందామని వచ్చి, తల్లి లేని పిల్లని పట్టుకున్నాను. దాని చేతిలోంచి దాని పని ఊడలాక్కుని, అది నన్ను ఎందుకు పిలవట్లేదా అని ఇన్నాళ్ళూ కూర్చున్నాను. అమ్మమ్మకి పైపు సంగతి ఎవరు చెప్పారో, పరదా ఎందుకు కదిలిందో అన్నీ అప్పుడు తెలిశాయి. బడి గంట వినపడ్డాక, పిల్ల వెళ్ళిపోయాక ఇంట్లోకి వెళ్ళాను.

ఆయనతో ఒక మాట మాత్రం అన్నాను. "దొర పని పిల్లకే తిరిగి ఇచ్చేయండి."

"ఇప్పుడా? ఆదివారం అత్తయ్య వస్తోంది. ఇప్పుడు నువ్వు చేతులు దులుపుకుంటే, చూశావా, వదిలించుకుంది అంటుంది. ఆ ఒక్కరోజు గడవనీ."

నేను చూసింది ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే ఏమవుతుంది? పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. అమ్మమ్మకి తెలిస్తే, ఈ ఇంట్లో పిల్ల దొంగచాటుగా బతికే గతి పట్టిందని ఆ రోజే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోతుంది.

మర్నాటి పొద్దున పట్టా ఎత్తి, పెద్దవి వదిలేసి, సన్నటి చిన్న పురుగులే ఏరాను. పెద్దవి బాగా కొట్టుకుంటాయి, చిన్నవైతే జారవు. ఫ్యాక్టరీలో దారప్పోగులు పీకే చిన్న పట్టకారు ఒకటి నా సంచీలో ఉంది. దాన్ని కూడా కడిగి డబ్బాలో పెట్టాను. మూతకి రబ్బరుబ్యాండు రెండు చుట్లు వేసి మెలిపెట్టాను.

సాయంత్రం డబ్బా తెరిచాను. పురుగులు తగ్గాయి. పట్టకారు కడిగి, తుడిచి, మట్టి అంటకుండా కాగితంలో చుట్టి ఉంది. రబ్బరుబ్యాండు ఈసారి అచ్చం నాలాగే రెండు చుట్లు, ఒక మెలిక. భోజనాల దగ్గర పిచ్చుక నన్ను చూసింది. నేనూ చూశాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల చూపు మారింది. నేను నీళ్ళు తాగినా చూస్తోంది, ఆయనతో మాట్లాడితే తలుపు దగ్గరికొచ్చి నిలబడుతోంది, ఫోనెత్తితే చదువుతున్న పుస్తకంలో పేజీ తిప్పడం ఆపేస్తోంది. ఎప్పుడు చెప్పేస్తుందా ఈవిడ అని కనిపెట్టుకుని ఉంది. అనుమానించడమే తెలిసిన నాకు, ఒకరి అనుమానంలో రోజంతా మసలడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఊపిరాడదు.

ఆదివారం అమ్మమ్మ వచ్చింది. తెచ్చుకున్న ఖాళీ సంచీ కుర్చీ మీద పెట్టింది. పిల్ల బట్టలకని చెప్పక్కర్లేదు. కళ్ళజోడు తుడుచుకుని తొట్టి ముందు కుర్చీ వేసుకుంది. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. పిచ్చుక స్టూలు పక్కన, చేతులు వెనక్కి పెట్టుకుని ఉంది.

నేను సాసరులో కడిగిన పురుగులు పెట్టుకుని వచ్చాను. ఒకటి వేశాను. అది మెలికలు తిరుగుతూ దిగింది. దొర రాయి వెనక నుంచి ఉబ్బుకళ్ళతో చూశాడు. రాలేదు. ఇంకోటి వేశాను. రాలేదు.

నా వేలికి ఉంగరముంది. చెయ్యి గాజుకి ఆనుకునే ఉంది. టక్ టక్, ఆగి, టక్. అంతే పని. దొర వస్తాడు, తింటాడు, ముసలావిడ నోరు మూతపడుతుంది, పిల్ల ఇక్కడే ఉంటుంది. దేవుడా, ఎంత మనసైందో చెప్పలేను. వేలు మడిచాను కూడా. కానీ అది నాకెవరూ నేర్పలేదు. దొంగచాటుగా తలుపు సందులోంచి చూసినది. ఒక తల్లి తన పిల్లకి ఇచ్చిపోయిన దాన్ని ఆ పిల్ల కళ్ళెదుటే వాడుకుని గెలిస్తే, ఆ తర్వాత పిల్ల ఈ ఇంట్లో ఉన్నా నాకు ఉన్నట్టు కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చూశావుగా అల్లుడూ," అంది అమ్మమ్మ లేస్తూ. "పిచ్చుకా, బట్టలు సర్దుకో పద."

"మరి దొర?" అంది పిల్ల. గొంతు కీచుగా వచ్చింది.

"మీ మామయ్య ఇంట్లో ఇంత తొట్టికి చోటెక్కడిదే? ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాంలే."

పిచ్చుక మొహం పాలిపోయింది. మా ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నారు. అమ్మమ్మ వైపు చూసింది. చివరికి నా వైపు చూసింది. మొహం కాదు, నా చేతిని చూసింది, చేతికున్న ఉంగరాన్ని చూసింది, సాసరులో నేను ఏరి తెచ్చిన చిన్న పురుగుల్ని చూసింది.

"మీకు తెలుసు కదా," అంది మెల్లగా. "మరెందుకు కొట్టలేదు?"

"అది నీది," అన్నాను. "నువ్వు చెప్పందే నేనెలా కొడతాను?"

"ఏం తెలుసు? ఏం కొట్టడం?" అంది అమ్మమ్మ.

పిచ్చుక స్టూలెక్కింది. చన్నీళ్ళలా ఉన్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, నా వేలి ఉంగరాన్ని గాజుకి ఆనించి కొట్టింది. టక్, టక్. నేను తొందరపడి మూడోది కొట్టబోతే గట్టిగా ఆపింది. కాసేపు ఆగనిచ్చి, టక్. నేను సాసరులోంచి ఒక పురుగు తీసి నీళ్ళమీద పట్టుకున్నాను.

దొర వచ్చాడు. రాయి చుట్టూ ఒక్క తిప్పు తిరిగి, నీళ్ళపైకి వచ్చి, నా వేళ్ళ కిందే నోరు తెరిచి నిలబడ్డాడు.

"పిన్నీ, వదులు," అంది పిచ్చుక. "వదలవేం, చూస్తున్నాడుగా నువ్వు పెడతావని!"

నాకు కళ్ళముందు తొట్టి కూడా సరిగ్గా కనపళ్ళేదు. వేళ్ళు వదులు చేశాను. పురుగు నీళ్ళని తాకిందో లేదో, దొర దాన్ని అందుకుని, నీళ్ళు నా మొహాన చిమ్మి, కిందకి దిగిపోయాడు.

అమ్మమ్మ మళ్ళీ కూర్చుండిపోయింది. చేతిలో ఖాళీ సంచీ అలాగే ఉంది. "అలాగే కొట్టేది," అంది. "మా అమ్మాయి అచ్చం అలాగే కొట్టేది. ఏదో అలవాటనుకున్నాను గానీ..." కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇంకోటి వెయ్యండి. ఒకటి తింటే తిన్నట్టు కాదు, చూస్తాను," అంది.

ఇంకోటి వేశాం, ఇద్దరం. దొర అదీ తిన్నాడు. మా ఆయన గోడ దగ్గర్నుంచి కదిలి, ఏం చెయ్యాలో తెలియక, అందరికీ మంచినీళ్ళు తెచ్చారు.

సాయంత్రం అమ్మమ్మ ఒక్కతే వెళ్ళింది. గుమ్మం దాటుతూ నాతో, "చేతులు సబ్బుతో కడుక్కో, పురుగుల చేతులు," అంది. ఆవిడ మెట్లు దిగిపోయాక కూడా పిచ్చుక తొట్టి దగ్గరే ఉంది. నేను ఖాళీ సాసరు తీసుకుని వంటింట్లోకి వెళ్తుంటే వెనకే వచ్చింది.

"రేపు పొద్దున తవ్వడానికి నేనూ వస్తా."

"నీకు అసహ్యం కదే."

"అసహ్యమే. కానీ నువ్వు ఆ పైపు దగ్గర తవ్వుతున్నావుగా, అందులో సబ్బునీళ్ళు కలుస్తున్నాయేమోనని నాకు అనుమానంగా ఉంది. దొరకి పడవు. నేను చూడాలి."

ఈ పిల్ల నా బల్ల దగ్గర కూర్చుంటే ఒక్క చొక్కా గేటు దాటదు.

"పాత చెప్పులు వేసుకో, అక్కడంతా బురద," అన్నాను. కుళాయి తిప్పి, సబ్బు రాసుకుని చేతులు కడుక్కున్నాను. పిచ్చుక పక్కనే నిలబడి, తన చేతులు కూడా ఆ నీళ్ళ కిందే పెట్టింది.